జాజు గుర్తు

మల్లిక ఇప్పటిదాకా పైకి ఎవరితోనూ అనని మాట ఒకటుంది. డిజైన్ పనంటే ఆమెకు అంత ఇష్టమేమీ లేదు. పక్క కుర్చీలో ఒక మనిషి ఉండడం ఇష్టం. ఆ మనిషి మౌస్ టకటక కొడుతూ, మధ్యమధ్యలో "అబ్బ, ఏం ఎరుపే ఇది, కండ్లు పోతున్నయ్" అని విసుక్కుంటూ, అడక్కుండానే సగం చాయ్ ఇటు జరపడం ఇష్టం. డిగ్రీ అయిపోగానే "మనమే ఒక స్టూడియో పెడదాం" అన్నది అందుకే. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి తనంతట తాను పని నేర్చుకున్నది కూడా అందుకే. పిల్లకు బొమ్మల పిచ్చి అని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చింది.

ఆ కుర్చీ పోయిన వానాకాలం నుంచి ఖాళీగా ఉంది.

రోజు మాత్రం ఎప్పటిలాగే నడిచేది. తాండూరు స్టేషన్ రోడ్డులో ఒక చిన్న దుకాణపు గది వాళ్ళ మడిగె. పొద్దున షట్టర్ ఎత్తి, బండల లారీలు పోసిపోయిన తెల్లటి దుమ్ము ఊడ్చి, గడప ముందు నీళ్ళు చల్లి, ఖాళీ కుర్చీని కూడా తుడిచి, కంప్యూటర్ ముందు కూర్చునేది. కందిపప్పు సంచుల మీదికి బొమ్మ, బడి వార్షికోత్సవానికి ఫ్లెక్సు, ఎవరి కొడుకుకో పుట్టినరోజు, ఎవరి బిడ్డకో పెండ్లి పత్రిక. మధ్యాహ్నం డబ్బా విప్పి, ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి, ముక్కూమొహం తెలియని ఎవరో వంట చేస్తుంటే చూస్తూ తినేది. పొద్దు వాలాక స్టూలు బయట వేసుకుని మంద కోసం ఎదురుచూసేది.

మంద అంటే గొర్రెలు కావు. వాళ్ళిద్దరూ చేసిన బోర్డులు, ఫ్లెక్సులు, పత్రికలే.

దీని మొదలు మల్లిక నాయిన అంజిలయ్య దగ్గరుంది. మర్పల్లి దగ్గరి ఊళ్ళో ఆయనకు గొర్రెలున్నాయి. తాతల నాటి నుంచి ఆ మందకు ఒకటే గుర్తు: ఎర్రజాజు మట్టితో ఒక వంపు గీత, దాని కింద రెండు చుక్కలు. ప్రతి గొర్రె వీపు మీదా అదే, దొడ్డి గుంజ మీదా అదే. ఆ గుర్తున్నది ఎంత దూరం మేసినా పొద్దుగూకేసరికి ఇల్లు చేరుతుంది. అమ్మేటప్పుడు దాని గుర్తు కడిగి ఇవ్వాలి, లేకపోతే కొన్నవాడి దగ్గర ఒక్క రాత్రి నిలవదు. గుంజ మీది గుర్తు కడిగితే మాత్రం మంద మొత్తానికీ విడుదలే, ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది. అది మందకూ తెలుసు. గుంజ మీద తడిగుడ్డ పడితే చాలు, గుర్తు పోయేలోపే ఇల్లు చేరాలని మిట్టమధ్యాహ్నమైనా మేత వదిలి పరుగెత్తుకొస్తుంది.

చిన్నప్పటి నుంచి మల్లికకు ఒక్కటే అంతుపట్టలేదు. అవి ఎలాగూ వస్తాయని తెలిసి కూడా నాయిన రోజూ పొద్దుగూకే వేళ గట్టెక్కి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "హోయ్... రాండ్రి, రాండ్రి" అని పిలిచేవాడు.

"వచ్చేటియే గద నాయినా, గొంతెందుకు పోగొట్టుకుంటవ్?" అని అడిగింది ఒకసారి.

"వస్తయి బిడ్డా. గని మనం సూస్తున్నమని వాటికి ఎరుక గావద్దా?" అన్నాడు ఆయన, బీడీ కోసం జేబు తడుముకుంటూ.

స్టూడియోకు ఒక గుర్తు కావాల్సి వచ్చినప్పుడు ఆ పక్క కుర్చీ మనిషి, సింధుజే, ఈ గొర్రెల గుర్తును పట్టుకుంది. సింధుజది వికారాబాద్. ఇద్దరూ కాలేజీలో ఒకే బెంచీ. మల్లిక వాళ్ళ ఊరికి వచ్చిన రోజు, మంద మధ్యలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని తిట్టింది: "గింత మంచి లోగో మీ గొర్రెల మీద ఎండకు ఎండుతుంటే నువ్వు నెట్‌ల దేవులాడుతున్నవా, పిచ్చిదానా!"

అంజిలయ్య జాజు తెచ్చి మడిగె బోర్డు మీద తన వేలితో వంపు గీశాడు. కింది చుక్కలు పిల్లలిద్దరూ బొటనవేళ్ళతో పెట్టారు. ఎడమది మల్లికది, కుడిది సింధుజది. మిగిలిన జాజుతో ఒక గుడ్డ సంచీ మీద కూడా అదే గుర్తు వేసి, సింధుజ దాన్ని భుజానికి తగిలించుకుంది. ఆ తర్వాత ఆ సంచీ లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు.

అప్పటి నుంచి ఆ మడిగెలో తయారైన ప్రతిదీ, మూలకు చిన్న గుర్తుతో పోయి, పొద్దుగూకేసరికి తిరిగొచ్చేది. తాండూరు జనం దీనికి పెద్దగా ఆశ్చర్యపోలేదు. పెండ్లి పత్రికలు పంచేవాళ్ళు "ఇది చుక్కల పిల్లల పత్రిక, చీకటి పడకముందే తారీఖు రాసుకోండ్రి" అని చెప్పి ఇచ్చేవాళ్ళు. మిఠాయి దుకాణం ఆయన రోజూ పొద్దున్నే బండి మీద వచ్చి తన బోర్డును తోలుకుపోయేవాడు. వికారాబాద్‌లో కట్టిన ఫ్లెక్సులు సాయంత్రం రైలెక్కి, తమకు తామే చుట్ట చుట్టుకుని తలుపు దగ్గర ఒద్దికగా నిలబడేవి. టీసీ వాటిని టికెట్ అడిగేవాడు కాదు.

వానాకాలంలో సింధుజకు హైదరాబాద్‌లో ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, ఆ సంగతి చెప్పింది.

"రమ్మంటున్నరు."

"మంచిదే గద," అంది మల్లిక.

"పోవాల్నా?"

మల్లిక మనసు వద్దంది. చేయి మాత్రం తెర మీద ఒక పెండ్లికొడుకు ఫొటోలో తలపాగా అంచు కత్తిరిస్తూనే ఉంది. "నీ ఇష్టం," అంది, తల తిప్పకుండా.

సింధుజ తాగని చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "అట్లనా? సరే మరి." సంచీ భుజానికి తగిలించుకుంది. గడప దగ్గర ఆగి, "తలపాగ తోక సుత కత్తిరించినవ్, చూస్కో," అని వెళ్ళిపోయింది.

నిజమే, తోక పోయింది. మల్లిక దాన్ని మళ్ళీ అతికించింది. పోతే పోయింది, సంచీ మీద గుర్తుంది కదా అనుకుంది. పొద్దుగూకితే సంచీ వస్తుంది, దాని వెనక మనిషి రాక ఎక్కడికి పోతుంది?

ఆ సాయంత్రం సంచీ రాలేదు. మరునాడూ రాలేదు. బతుకమ్మ పోయింది, చలి వచ్చింది. ఫ్లెక్సులొచ్చేవి, పత్రికలొచ్చేవి, కందిపప్పు సంచులు పప్పుతో సహా ఆయాసపడుతూ వచ్చేవి. ఆ ఒక్క గుడ్డ సంచీ తప్ప. దానికి మల్లిక ఒకటే అర్థం చెప్పుకుంది. సింధుజ గుర్తు కడిగేసింది. చెంబెడు నీళ్ళ పని.

అడగలేదు. ఫోన్‌లో 'ఎట్లున్నవ్' అని కొట్టి చెరిపేసేది. సింధుజ స్టేటస్ పెడితే, చూసినట్టు అవతల తెలియకుండా చూసే ఉపాయం నేర్చుకుంది. అటు నుంచీ ఏ మాటా రాలేదు.

ఎండాకాలం మొదట్లో మడిగె యజమాని బాల్‌రాజ్ వచ్చాడు. కరణ్‌కోట దారిలో ఆయనకు బండలు పాలిష్ పట్టే మిషన్లున్నాయి. ఖాళీ కుర్చీలో కూర్చోబోయి, మల్లిక మొహం చూసి, స్టూలు లాక్కున్నాడు.

"ఒక్కదానివి ఎంతకాలం గుంజుతవ్ బిడ్డా? మడిగె నేనే ఆఫీసు చేసుకుంట. నువ్వు గిక్కడనే కూసో. మా కంపెనీ బోర్డులు, కాగితాలు, అన్ని నువ్వే చెయ్యి. నెల నెల జీతం తీస్కో."

"ఆఫీసుల ఇంకెవరెవరు కూసుంటరు సారూ?"

"మస్తుమంది. లెక్కలోళ్ళు, మార్కెటింగ్ పోరగాండ్లు. దినమంత లొల్లి లొల్లి. నీకు తలనొప్పొస్తది గని..."

"రానీయండ్రి సారూ," అంది మల్లిక వెంటనే. జీతం ఎంతని కూడా అడగలేదు.

బాల్‌రాజ్ సంతోషంగా లేచాడు. బయట ఆగి, బోర్డు వైపు తల ఎత్తాడు. "ఒక్కటే మాట. గా గుర్తు కడిగెయ్యాలె. లేకుంటే నేను బెంగళూరుకు అమ్మిన బండలు లేచొచ్చి పొద్దుగూకంగనే నా గడప ముందట కూసుంటయి. నా పరేషాన్ చూడరాదు!" తన మాటకు తనే నవ్వుకున్నాడు. "రేపు కడిగి పెట్టు. ఎల్లుండి నా బోర్డు ఎక్కిస్త."

మరునాడు మధ్యాహ్నం మల్లిక చెంబెడు నీళ్ళు, పాత గుడ్డ తీసుకుని స్టూలెక్కింది. ముందు తన చుక్క మీదే గుడ్డ పెట్టింది. రెండు రుద్దులకే పోయింది, దాని కింద రేకు మెరిసింది. గుడ్డ కుడి చుక్క దగ్గరికి పోయి ఆగింది. కొంచెం దగ్గరగా చూస్తే అందులో సింధుజ వేలిముద్ర గీతలు కూడా కనిపిస్తున్నాయి. చాయ్ తాగి వచ్చి కడుగుదామనుకుని దిగింది.

చాయ్ అయ్యేలోపే మంద రావడం మొదలైంది. ఎర్రటి ఎండలో బస్టాండ్ దిక్కు నుంచి పెండ్లి పత్రికలు గుంపుగా వచ్చాయి. మిఠాయి దుకాణం బోర్డు గిరాకీని వదిలేసి వచ్చింది. బడి ఫ్లెక్సు ఒక కొసకు తాడు వేలాడుతుండగా గడప ముందు వాలింది. పక్క మడిగెలో జాకెట్లు కుట్టే మనోరమ, నోట్లో గుండుసూదులు తీసి చేతిలోకి వేసుకుని బయటికొచ్చింది.

"ఏం పిల్లా, నీ మంద ఇయ్యాల గింత జల్దొచ్చింది?"

"గుర్తు కడుగుతున్న అక్కా."

"అయ్యో. మొత్తమా?"

"సగమైంది."

"సగం కడిగిన మొహం బాగుండదు. కానియ్ మరి," అంది మనోరమ. కానీ లోపలికి పోలేదు, అక్కడే నిలబడింది.

మల్లిక కానివ్వలేదు. ఇదిగో అదిగో అంటూ పొద్దు వాలిపోయింది. ఇక చీకటి పడకముందే పని ముగించాలని మళ్ళీ స్టూలెక్కేసరికి హైదరాబాద్ నుంచి వచ్చే రైలు ఆగింది. స్టేషన్ లోంచి జనం వచ్చారు, జనం కాళ్ళ మధ్య వికారాబాద్ ఫ్లెక్సులు వచ్చాయి. అవన్నీ అయిపోయాక, చాలా వెనక, కుంటుతున్నట్టు ఒక గుడ్డ సంచీ వచ్చింది.

దాని పట్టీకి సింధుజ ఆవపువ్వు రంగు చున్నీ ముక్క ఒకటి కట్టి ఉంది. అది దుమ్ములో ఈడ్చుకుంటూ వస్తోంది.

మల్లిక స్టూలు మీది నుంచి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. సంచీని ఒళ్ళోకి తీసుకుంది. జాజు గుర్తు ఎక్కడా చెదరలేదు. వంపు, రెండు చుక్కలు, అన్నీ అలాగే ఉన్నాయి. లోపల ఒక టిఫిన్ డబ్బా, విప్పకుండా. మెడలో వేసుకునే ఆఫీసు కార్డు. ఫొటోలో సింధుజ నవ్వలేదు.

మనోరమ వంగి చున్నీ కొస వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "ఇది ఎవ్వరు విప్పింది గాదు, కత్తిరించింది గాదు. నువ్వు గుర్తు మీద గుడ్డ పెట్టంగనే గుంజి గుంజి తెంపుకున్నది." పట్టీ దగ్గరి ముడిని పట్టుకుని నోరు తెరిచింది. "ఎన్ని ముళ్ళే తల్లీ! ముడి మీద ముడి. పాతయి గట్టిపడ్డయి, పైనయి కొత్తయి. రోజు పొద్దుగూకితే కట్టేసినట్టుంది గదనే!"

మల్లిక ఆ ముళ్ళను ఒక్కొక్కటే వేలితో తడిమింది. చెంబెడు నీళ్ళు పోస్తే గుర్తు పోయేది. సింధుజ పోయలేదు. ఎక్కడో ఆఫీసులోనో హాస్టల్ గదిలోనో, తను ఇక్కడ స్టూలు వేసుకుని కూర్చునే ఈ వేళకే, తాండూరు దిక్కు లాగే సంచీని పట్టుకుని, కుర్చీ కాలికో మంచం కోడుకో కట్టేసుకుంటూ వచ్చింది. గుర్తు చెరపడానికి మనసు రాక. 'నీ ఇష్టం' అన్న మనిషి గడపకు, పిలవకుండా, సంచీని పంపడానికీ మనసు రాక. తన కుర్చీ పక్కన ఖాళీ ఉన్నట్టే ఆ మంచం పక్కనా ఉండి ఉంటుందని మల్లికకు ఇన్ని నెలల్లో ఒక్కసారీ తట్టలేదు.

లేచి లోపలికి పోయింది. సొరుగులో అడుగున జాజు గడ్డ ఉంది. రెండు చుక్కల నీళ్ళతో అరచేతిలోనే అరగదీసి, స్టూలెక్కి, మెరుస్తున్న రేకు మీద బొటనవేలు గట్టిగా నొక్కింది. చుక్క కొంచెం పక్కకు పడింది. సింధుజ ఉంటే జరపమని ప్రాణం తీసేది.

"మరి సారుకేం చెప్తవే?" అంది మనోరమ కింది నుంచి.

"చెప్తలే అక్కా. ఈ మడిగె కాకుంటే ఇంకో మడిగె. ముందుగాల ఇంకొకళ్ళకు చెప్పేదున్నది."

మనోరమ ఆమెను, సంచీని మార్చి మార్చి చూసి, గుండుసూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుని లోపలికి పోయింది. గడప ముందు మంద సద్దుమణిగింది. పత్రికలు ఒకదాని మీద ఒకటి ఒదిగాయి. సంచీ మాత్రం స్టూలు కాలికి ఆనుకుని, స్టేషన్ వైపు తిరిగి కూర్చుంది.

మల్లిక స్టూలు మీదే నిలబడి ఫోన్ తీసింది. 'నీ బ్యాగ్ వచ్చింది' అని కొట్టింది. చూసుకుంది. చెరిపేసింది. సంచీ వచ్చిన సంగతి సింధుజకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనిది వేరే ఉంది. గట్టు మీద నాయిన గొంతు పోయేలా ఎందుకు పిలిచేవాడో, ఇంత ఎత్తు మీద నిలబడితే గానీ అర్థం కాలేదు.

ఈసారి రాసి పంపేది లేదు. నోరు తెరిచి, రమ్మని అడగాలి. జాజు తెరకు అంటుతుందని కూడా చూడకుండా, ఆమె సింధుజ పేరు మీద బొటనవేలు పెట్టింది.