తిరగేసి తొడుక్కున్న స్వెట్టర్

కోల్డ్ రూము తలుపు లాగితే లోపల సముద్రం ఉంది. సుభాషిణికి అదేమీ వింతగా అనిపించదు. యూనివర్సిటీలో తన డిపార్టుమెంటు కొండ మీద ఉంది, కొండ కింద సముద్రం ఉంది, ఏదో ఒకరోజు అది మెట్లెక్కి వస్తుందని ఆవిడ అనుకుంటూనే ఉంది, వచ్చింది, అంతే. ఎముకలు కొరికే ఆ చలిలో అలలు చప్పుడు లేకుండా వచ్చి ఇనుప బల్లల కాళ్లు తడిపి పోతున్నాయి, రాళ్లగట్టు ఉండవలసిన చోట సెంట్రిఫ్యూజి మెషీన్లు వరసగా నిలబడి గిర్రున తిరుగుతున్నాయి, వాటిలో ఒకదాని మీద చెయ్యి ఆనించుకుని, పోయి ఆరేళ్లయిన జగన్నాయకులు మాస్టారు తీరిగ్గా కూర్చుని ఉన్నారు. ఆయన పోయారన్న సంగతి సుభాషిణికి తెలుసు. తన దగ్గర పీహెచ్‌డీ చేసి, తన కుర్చీలోనే కూర్చున్న శిష్యురాలు తలుపు తీసిందని ఆయనకీ తెలుసు. కలల్లో ఇంతే, ఎవరూ ఎవరినీ సంజాయిషీ అడగరు.

ఆయన ఒంటిమీద ఉన్నది ఆ మెరూన్ స్వెట్టరే. ల్యాబు మొత్తానికి అదొక్కటే స్వెట్టరు, తలుపు పక్కన మేకుకి వేలాడుతుండేది, లోపలికి ఎవరు వెళితే వాళ్లు తొడుక్కోవడం, బయటికొచ్చి మళ్లీ మేకుకి తగిలించడం. ఇప్పుడు మాస్టారు దాన్ని తిరగేసి తొడుక్కున్నారు. కుట్లన్నీ బయటికి ఉన్నాయి, మెడ వెనక లేబులు నిటారుగా నిలబడి ఉంది. చెప్పాలి, చెప్పాలి అనుకుంటుంది. పేరేమో సుభాషిణి, అసలు చెప్పవలసిన మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం బెల్లం కొట్టిన రాయి.

రక్తం వచ్చిందా అని అడుగుతారాయన. వచ్చిందంటుంది. ప్రయోగాలకని మటన్ కొట్టు నుంచి వారం వారం తెప్పించే మేక రక్తం అది. ఎప్పుడు చేతికొచ్చిందో గాని ఫ్లాస్కు చేతిలో ఉంది, వెచ్చగా ఉంది. ఇద్దరూ నడుస్తారు. నీళ్లల్లోనే నడుస్తారు గాని కాళ్లు తడవవు, నడుస్తుంటే సముద్రం కాస్తా సన్మానసభ అవుతుంది, ఇసకలో కుర్చీలు వేసి ఉన్నాయి, కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా మాస్టారి మెడ వెనక లేబులు చూసి చూడనట్టు తల తిప్పుకుంటున్నారు. ఇది మాత్రం నిజంగా జరిగిందే. రిటైరైన రోజున ఆయన కోల్డ్ రూములోంచి తిన్నగా స్టేజి ఎక్కేశారు, తిరగేసిన స్వెట్టరు మీదే శాలువా కప్పారు, హాలంతా చూసింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఆ ఫొటో ఇప్పటికీ వరండాలో వేలాడుతోంది.

ఆ హాల్లో సుభాషిణి ఒక్కతే రెండు సంగతులు దాచుకుని కూర్చుంది. స్వెట్టరు సంగతి చిన్నది. రెండోది మాస్టారి జీవితం.

ఆయనది ముప్పై ఏళ్ల పాటు ఒకే ఒక్క ప్రొటీనుతో కాపురం. ఎర్ర రక్తకణం చుట్టూ పల్చటి పొర ఉంటుంది, ఆ పొరలో ఇటు సరుకు అటు మోసే ప్రొటీన్లుంటాయి, ఆయన పట్టుకున్నది అలాంటి ఒక మోతగాణ్ని. వీడు సరుకు లోపలికి తెస్తున్నాడా, బయటికి తోస్తున్నాడా? తెస్తున్నాడన్నారు మాస్టారు. కణాల్ని పగలగొట్టి కడిగితే ఆ పొర ముక్కలు తమంతట తాము మూసుకుని కంటికి కనబడని సంచులవుతాయి, సంచుల చుట్టూ సరుకు పోసి చూస్తే ముప్పై ఏళ్లూ అది లోపలికే వెళ్లింది. పేపర్లు అచ్చయ్యాయి, పేరొచ్చింది, శిష్యులు పట్టాలు తీసుకున్నారు. ఆయన రిటైరవడానికి ఏడాది ముందు సుభాషిణి ఊరికే, తోచక, ఆ సంచుల్ని ఇంకో పద్ధతిలో పరీక్షించి చూసింది. చూసి అక్కడే స్టూలు మీద కూలబడింది. కడిగే నీళ్లలో ఉప్పు చాలక, సంచులన్నీ దిండు గలీబు తిరగేసినట్టు లోపలి వైపు బయటికి తిరిగి మూసుకుంటున్నాయి. అంటే సంచిలో లోపలికి వెళ్లిందంతా బతికున్న కణంలో బయటికి పోయేదే. మోతగాడు తేవడం లేదు, తోసేస్తున్నాడు.

ఫలితం ఎలా వచ్చిందమ్మా అని ఆవేళ గుమ్మంలోంచి అడిగారు మాస్టారు. "శాంపిల్ పాడైంది మాస్టారూ" అంటూ ఆవిడ గొట్టాలన్నీ సింకులో ఒంపేసింది. నిజమాడితే నిష్ఠూరం కదా, పైగా పెద్దాయన, పైగా ఒక్క ఏడాదిలో సన్మానం.

ఇప్పుడు ఇసకలో కుర్చీలు ఒక్కొక్కటే నీళ్లలోకి నడిచి వెళ్లిపోతుంటే, ఇంక వినేవాళ్లెవరూ మిగలలేదు కాబట్టి, సుభాషిణి నోరు తెరుస్తుంది.

"మాస్టారూ, స్వెట్టరు..."

"దాని సంగతి నాకెరికే. రెండోది చెప్పమ్మా."

"సంచులు తిరగబడ్డాయి మాస్టారూ. మొదట్నుంచీ."

ఆయన మొహం ఏమవుతుందో చూడలేక ఆవిడ ఫ్లాస్కు వైపు చూస్తుంది. చివరికి తలెత్తుతుంది. మాస్టారు నవ్వుతున్నారు. ఏ పరీక్ష చేశావు, ఉప్పు ఎంత ఉంది, మళ్లీ చేసి చూశావా, మళ్లీ కూడా అలాగే వచ్చిందా అని ఊపిరాడకుండా అడుగుతున్నారు, అడుగుతూనే స్వెట్టరు చేతులు పైకి మడుచుకుంటున్నారు, అందుకేనమ్మా ఆ లెక్క నాకెప్పుడూ కుదిరేది కాదని తొడ చరుచుకుంటున్నారు. పద పద, ఇవాళే ఉప్పు పెంచి కడుగుదాం అని నాలుగడుగులు వేస్తారు. మెషీన్లు ఉండవలసిన చోట నీళ్లే ఉన్నాయి. అటూ ఇటూ వెతుక్కుని, తన చేతులు తనే ఒకసారి చూసుకుని, అప్పుడు గుర్తొచ్చినట్టు ఆగిపోతారు.

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా ఇది?"

ఆవిడ చెబుతుంది. రిటైరవడానికి ఏడాది ముందని. ఆయన వేళ్లు మడుస్తారు. ఆ ఏడాదీ, ఆ తరవాత రోజూ పొద్దున్నే టిఫిను డబ్బాతో ల్యాబుకొచ్చి కూర్చున్న మూడేళ్లూ. ఏదైనా పనుంటే చెప్పమ్మా అని ఆయన అడగడం, మీకెందుకు మాస్టారూ శ్రమ అని ఆవిడ టీ తెప్పించి పేపరు చేతికివ్వడం.

"నాలుగేళ్లుండేవమ్మా నాకు."

"మీరు బాధపడతారని..."

"బాధపడీవోణ్నే. రెండ్రోజులు అన్నం మానీసీవోణ్ని. మూడోరోజు ల్యాబుకొచ్చి ఆ సంచులు మళ్లీ కడుక్కునీవోణ్ని." ఆయన గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండునని సుభాషిణికి ఉంది. "నన్ను పెద్దాయన్ని చేసి కూర్చోబెట్టీసేవేటమ్మా."

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఏదో ఒకటి చెయ్యాలి, కనీసం ఆ స్వెట్టరైనా సరిచెయ్యాలి అని చెయ్యి చాస్తే, మెడ వెనక లేబులు వేళ్లకి తగులుతుంది గాని మాస్టారు తగలరు. ఆయన కోల్డ్ రూము తలుపు అవతలకి వెళ్లిపోయి, మర్యాదగా, చప్పుడు చెయ్యకుండా తలుపు వేసుకుంటారు. మీరు పోయాక రెండేళ్లకి బయటివాళ్లెవరో ఇదంతా రాసి పేరు తెచ్చుకున్నారని చెప్పాలి, క్షమించమనాలి, ఎంత లాగినా తలుపు రాదు.

మెలకువొచ్చేసరికి సుభాషిణి తన గదిలో, తన బల్ల మీద తలానించి ఉంది. మధ్యాహ్నపు ఎండ మోచేతి దాకా వచ్చింది. చెంపలు తడిగా ఉన్నాయి. పొద్దున్న కోల్డ్ రూములోంచి వచ్చాక విప్పడం మరిచిపోయినట్టుంది, స్వెట్టరు ఒంటిమీదే ఉంది. గుమ్మంలో పీహెచ్‌డీ కుర్రాడు తవిటినాయుడు నిలబడి, సెంట్రిఫ్యూజి ఆగింది మేడం అని చెప్పడానికి వచ్చాననీ, నిద్ర లేపడం ఎందుకని ఆగాననీ అంటున్నాడు. అంటున్నాడే గాని వాడి చూపు ఆవిడ మెడ దగ్గరికెళ్లి, చటుక్కున నేల మీదకి దిగింది.

ఆవిడ మెడ వెనక తడుముకుంది. లేబులు వేళ్లకి తగిలింది. భుజం చూసుకుంది, కుట్లన్నీ బయటికున్నాయి. ఈ స్వెట్టరుతోనే పొద్దున్న క్లాసు చెప్పింది, మీటింగులో కూర్చుంది, క్యాంటీనులో అందరి మధ్యా ఇడ్లీ తింది.

"పొద్దుట్నుంచీ ఇలాగే ఉన్నానా?"

"అవును మేడం."

"చెప్పకూడదూ?"

"మీకు... బాగోదని మేడం."

సుభాషిణి లేచి, జుట్టు చెదిరిపోతున్నా పట్టించుకోకుండా స్వెట్టరు తలమీంచి లాగేసింది. చేతులు లోపలికి దూర్చి దాన్ని సరిగ్గా తిరగేసింది. తొడుక్కోలేదు, మళ్లీ కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. తరవాత ఎదురుగా ఉన్న కుర్చీ కాలితో వాడి వైపు జరిపి, నాకు చెప్పకుండా ఉంచినవి ఇంకేమైనా ఉన్నాయా నాయుడూ అని అడిగింది.

తవిటినాయుడు కుర్చీ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, వచ్చి కూర్చున్నాడు.

"ఒకటుంది మేడం" అన్నాడు.