అందరికంటే చెడ్డగా ఆడే జోజా

బిబియా వాకిట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఫిడేలు పాటకి జంటలుగా మజూర్కా అనే నాట్యం ఆడటం ఆమె అమ్మమ్మ నాటి నుంచీ ఉంది. ఒకప్పుడు లోయలో చెరుకు నరికే జంటలన్నీ అక్కడే తిరిగేవి. ఆ ఆదివారం మూడే జంటలు దిగాయి. ఆరుగురూ గట్టివాళ్లే. ఒక్క అడుగు తప్పలేదు.

ఫిడేలు వాయించే ముసలాయన తితోయి, రెండు గంటలు కొండెక్కి వస్తాడు. సాయంత్రం ఫిడేలు గుడ్డలో చుట్టుకుంటూ, ఇక రానన్నాడు. కోపంగా అనలేదు. రేపు ఎండ కాస్తుందన్నట్టు చెప్పాడు.

“నేను కాళ్లకి వాయిస్తానమ్మా, కళ్లకి కాదు,” అని, గోడ మీద కూర్చుని చూసేవాళ్లని గడ్డంతో చూపించాడు.

మర్నాడు మొక్కజొన్నలు దంచుతూ బిబియా ఆలోచించింది. రెండేళ్ల కింద పట్నం వాళ్లెవరో వచ్చి ఫోటోలు తీసుకుని, ఈ ఆట ఒక్క అడుగు చెడకుండా కాపాడుకోమని చెప్పి వెళ్లారు. అప్పట్నుంచి ఆమె అందరి కాళ్లూ దిద్దుతోంది. తప్పితే భుజం తట్టి ఆపేది. మంచిగానే చెప్పేది. జోజాని కూడా అలాగే ఆపింది, పాట మధ్యలో, పెళ్లాం ముందర.

జోజాది చెరుకు గానుగ దగ్గర పని. అంత చెడ్డగా ఆడేవాడు లోయలో లేడు. తాళంలో మూడో దెబ్బకి ఎగరాల్సినవాడు రెండో దెబ్బకే ఎగిరేవాడు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి అందరికంటే ముందు దిగేవాడు. వాణ్ని చూసి, వీడికంటే మనం నయమేలే అనుకుని మిగతావాళ్లు దిగేవాళ్లు. వాడు మానేశాక ఒక్కొక్కరే గోడెక్కారు.

బిబియా రోకలి పక్కన పెట్టి గానుగ దగ్గరికి నడిచింది. ఆటకి చెయ్యి చాచేది మగవాడే. ఆడది పిలవడం ఆ దీవిలో లేదు. నలుగురూ చూస్తుండగా ఆమె చెయ్యి చాచింది. ఎద్దులు తోలేవాడు ఎద్దుల్ని ఆపేశాడు.

“ఆదివారం మొదటి పాట నాతో ఆడతావా, జోజా?”

జోజా చేతులు తుడుచుకున్నాడు. “నీ కాలు తొక్కుతానక్కా.”

“తొక్కు.”

“మళ్లీ ఆపుతావు.”

“ఆపను.”

అక్కకి ఇనప బూట్లు చేయించాలన్నాడు ఎద్దులవాడు. జోజా నవ్వలేదు. అయితే చొక్కా ఉతుక్కోవాలన్నాడు.

తితోయికి బిబియా గాడిదలవాడితో కబురు పంపింది, ఈ ఒక్క వారం రమ్మని. ఆయన వచ్చాడు గాని ఫిడేలు విప్పడానికి తొందరపడలేదు.

పాట మొదలైంది. జోజా రెండో దెబ్బకే ఎగిరాడు. మూడో చుట్టులో బిబియా బొటనవేలు అతని మడమ కింద పడింది. ఆమె నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. తర్వాతి దెబ్బకి తనూ అతనితో పాటే తప్పుగా ఎగిరింది. గోడ మీద ఎవడో పకపకా నవ్వాడు. నవ్వినవాడే పెళ్లాం చెయ్యి పట్టుకుని కిందికి దూకాడు. వాడి వెనకే వాడి తమ్ముడు, ఆ వెనక ఇంకో రెండు జంటలు. వాకిట్లో దుమ్ము లేచింది. తితోయి కళ్లు మూసుకుని పాట ముగించకుండానే ఇంకో పాటలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం బిబియా ఉప్పునీళ్లలో ఎడమకాలు పెట్టుకుని కూర్చుంది. తితోయి రెండోసారి బీన్సు వడ్డించుకుంటూ, వచ్చే వారం ఇంకాస్త ముందుగానే మొదలెడదామన్నాడు. జోజా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“వచ్చే వారం కూడా మొదటిది నాదేనా అక్కా?”

“నీదే. ఈసారి కుడికాలు తొక్కు.”