సుక్రి కోసిన డోలు

నేను ఒక డోలుని. అరకు దాటి ఇంకా పైకెళ్తే వచ్చే కొండ ఊరు నాది. కొర్రా డొంబురు అనే రైతు పనసమొద్దు తొలిచి, రెండు వైపులా మేకతోలు బిగించి నన్ను చేశాడు. పెళ్ళిళ్ళలో థింసా ఆడేవాళ్ళ కాళ్ళు నిలవనిచ్చేదాన్ని కాదు. ఎవరైనా పోతే మాత్రం ఆగి ఆగి, ఒక్కో దెబ్బే మోగేదాన్ని. ఆ దెబ్బ వింటూ పోయినవాళ్ళు పెద్దల్లో కలుస్తారని మా ఊరి నమ్మకం.

తర్వాత మా కొండకు పర్యాటకం వచ్చింది. సిమెంటుతో గుడిసెలు కట్టి, వాటికి గడ్డి రంగు పూసి, ‘గిరిజన గ్రామం’ అని బోర్డు పెట్టారు. బోర్డు దాకా తారు రోడ్డు వేశారు. అసలు గిరిజన గ్రామం ఆ పక్క గుట్ట మీదే ఉంది. దానికి మాత్రం రోడ్డు లేదు.

డొంబురు రోజూ సాయంత్రం ఆ సిమెంటు గుడిసెల దగ్గరికొచ్చి పర్యాటకుల ముందు వాయించేవాడు. “రోజూ మొయ్యడం ఎందుకయ్యా, ఇక్కడే ఉంచు” అని అక్కడి మేనేజరు నన్ను స్టోరు గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఆ వానాకాలం డొంబురుకి మలేరియా వచ్చింది. డోలీ కట్టి ఆసుపత్రికి మోసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అతని భార్య సుక్రి బురద కాళ్ళతో మేనేజరు దగ్గరికొచ్చింది.

“బాబూ, నా మొగుడు పోయినాడు. డోలు ఇయ్యి, సాగనంపాల.”

“అయ్యో! సాయంత్రం పెద్ద గ్రూపు వస్తోందమ్మా. రేపు తీసుకెళ్ళు.”

“శవం రేపటిదాకా ఉంటాదా?”

అతను ఆలోచించాడు. మొహం వెలిగింది. తనే నన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “పోనీ, తీసుకెళ్ళు. మా గెస్టుల్ని కూడా మీ ఊరు పంపిస్తా. అసలు సిసలు గిరిజన చావు! ఫొటోలు తీసుకుంటారు, అంతే. మీకేం అడ్డు రారు.”

సుక్రి ఏడవలేదు. నా మీద చెయ్యేసి నిమిరింది.

“ఇది వొస్తే మీరూ వొస్తారు. అయితే ఇది రాదు.”

నడుముకున్న కొడవలి తీసి నా తోలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీల్చింది. తిప్పి రెండో వైపూ చీల్చింది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నన్ను చేసినవాడికి నేను ఒక్క దెబ్బ కూడా మోగలేదు. ఆ కడుపుమంట నాకు చల్లారదు.

ఇప్పుడు రిసెప్షన్ గోడకి వేలాడుతున్నాను. ఎందుకు చినిగిందని ఎవరైనా అడిగితే, “చాలా పురాతనమైనదండీ” అంటాడు మేనేజరు. అబద్ధం! కొత్త తోలు బిగించమని మా ఊరికి నాలుగైదు సార్లు కబురు పెట్టాడు. ఒక్కరూ రాలేదు.

రావద్దు కూడా.