కొండలో కలిసిపోయిన లాడ్జి

స్నానాల గదులకు టైల్స్ అమ్మి పైకొచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. చుట్టుపక్కల అందరికీ ఆయన టైల్సాయనే. పోటీ వ్యాపారికి పర్యావరణ అవార్డు వచ్చి, మెడలో దండతో పేపర్లో ఫొటో పడేసరికి ఈయనకూ ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కొండవాలున ఉన్న తన స్థలంలో అతిథుల కోసం లాడ్జి కట్టించాలనుకుని మట్టిమేడమ్‌కు కబురు పెట్టాడు.

మట్టిమేడమ్ ఆర్కిటెక్టు. మట్టిగోడలు, దొరికే రాయి, గాలీ వెలుతురూ అంటూ ఇల్లు కట్టుకునే ప్రతివాళ్ల దగ్గరా చెవినిల్లు కట్టుకుని పోరేది. వాళ్లు బుద్ధిగా తలూపి, ఆఖరికి అద్దాల గోడలే పెట్టించుకునేవాళ్లు. మట్టిమేడమ్ అన్నది ఆఫీసులో వాళ్లు వెనకాల పెట్టిన పేరు. ఆమెకు తెలుసు. లోపల్లోపల కాస్త ఇష్టం కూడా.

“చూడండి మేడమ్,” అన్నాడు టైల్సాయన, నమూనా పలకల మధ్య చోటు చేసి కుర్చీ వేయించి. “అక్కడ బిల్డింగుందని చీమక్కూడా తెలీకూడదు. చెట్టన్నది ఒక్కటి కొట్టడానికి వీల్లేదు.”

ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఆమె సగం జీవితం ఎదురు చూసింది. కళ్లు తుడుచుకోవడానికి బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నటించాల్సి వచ్చింది.

పని మొదలయ్యాక ఇల్లూ వాకిలీ మరిచిపోయింది. వాలును తొలిచి గదుల్ని వరసగా లోపలికి దించింది. తవ్వితే వచ్చిన రాళ్లతోనే గోడలు లేపింది. కప్పు మీద మట్టి పరిచి, ఆ కొండ గడ్డినే తెచ్చి నాటించింది. చెట్టు అడ్డొచ్చిన చోట గోడే పక్కకు వంగింది. వానలు వెలిసేసరికి గడ్డి ఏపుగా పెరిగి, తను కట్టిన తలుపును తనే వెతుక్కునే పరిస్థితి వచ్చింది.

టైల్సాయన బంధుబలగాన్నంతా కార్లలో వేసుకుని చూపించడానికి వచ్చాడు. ఆయన బావగారు రోడ్డు మీద దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కొండంతా కలయజూశాడు.

“స్థలం బాగుంది బావా. పని ఇంకా మొదలుపెట్టలేదేం?”

టైల్సాయన మొహం మాడిపోయింది. “ఎదురుగానే ఉంది కదా. ఆ పొద పక్కన చూడు.”

“పొదైతే కనపడుతోందిలే,” అన్నాడు బావగారు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే భోజనాలయ్యేదాకా ఎవరు పలకరించినా “మా బావ కట్టించిన పొద” అనే చెప్పాడు.

మర్నాడే మేడమ్‌కు ఫోనొచ్చింది. చిన్న బోర్డు కావాలన్నాడు. బోర్డే కదా అని చెక్కతో చేయించింది. రోడ్డు మీదికి కనపడటం లేదన్నాడు, లైట్లు పెట్టించింది. లైట్లు ఒంటరిగా బిక్కుబిక్కుమంటున్నాయని ఆర్చి అడిగాడు. ఆర్చి నిండా టైల్స్ అతికించాలట.

“గోడౌన్లో మిగిలిపోయినవే మేడమ్. పాతవి వాడుకోవడం కూడా పర్యావరణమేగా.”

ఆమె డ్రాయింగు మీద ‘పునర్వినియోగ స్వాగతద్వారం’ అని రాసింది. రాస్తుంటే చెయ్యి ఒకసారి ఆగింది. మళ్లీ సాగింది.

ఆ తర్వాత ఆర్చికి అడ్డమని చెట్లు కొట్టించాడు. ఆమె పరుగున వెళ్లేసరికి మొదళ్లే మిగిలాయి.

“బాధపడకండి. వాటి చోట సిమెంటు చెట్లు పోయిస్తున్నా. ఆకు రాలదు, నీళ్లక్కర్లేదు. నీళ్లెంత ఆదానో ఆలోచించండి.”

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో గిన్నెలతో ఒకటే చప్పుడు చేసింది. మొగుడు గుమ్మంలో నిలబడి, “మానెయ్యరాదూ?” అన్నాడు.

“నేను మానేస్తే ఇంకా పాడుచేస్తాడు.”

“పాడుచెయ్యడానికి ఇంకేం మిగిలింది?”

ఆమె కుళాయి గట్టిగా తిప్పింది.

మిగిలే ఉందని తర్వాత తెలిసింది. అంత ఆర్చి దాటొచ్చిన అతిథులు రాజభవనం కోసం వెతుక్కుని, గడ్డి తప్ప ఏమీ కనపడక, మోసపోయామని గొడవ చేశారు. టైల్సాయన ముందువైపు మూడంతస్తుల మేడ లేపాడు. “రంగు మాత్రం ఆకుపచ్చే వేయించా మేడమ్, కలిసిపోతుంది,” అని ఆమెకు ధైర్యం చెప్పాడు. గడ్డి కింది పాత గదుల్లో మిగిలిన సిమెంటు బస్తాలు పెట్టించాడు.

పర్యావరణ అవార్డు ఆ మేడకే వచ్చింది. న్యాయనిర్ణేతలు ఏసీ హాల్లో భోంచేసి, సిమెంటు చెట్ల కింద చల్లగా నిలబడి, ఇంతగా ప్రకృతిలో లీనమైన నిర్మాణాన్ని చూడలేదని మైకులో చెప్పారు. మేడమ్‌ను కూడా వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె నవ్వి దణ్ణం పెట్టింది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

ఫొటోల హడావుడి మొదలవగానే మెల్లగా జారుకుని వాలు దిగింది. గడ్డి చేత్తో పక్కకు తప్పించి పాత గది తలుపు తోసింది. బస్తాల పక్కన చాప పరుచుకుని, కాళ్లు చాపుకుని, ఒక పెద్దావిడ నవల చదువుకుంటోంది. టైల్సాయన భార్య.

“రామ్మా. ఆ తలుపెయ్యి.”

“మీరు స్టేజి మీదుండాలి కదండీ?”

“ఆయనున్నాడుగా. నేను రోజూ మధ్యాహ్నం ఇక్కడికే వచ్చేస్తా. ఫ్యాన్ అక్కర్లేదు, ఫోన్ మోగదు. ఎంత బాగా కట్టావో.”

మైకులో అన్ని పొగడ్తలకూ కదలని మట్టిమేడమ్ ఈ ఒక్క మాటకు కదిలిపోయింది. శాలువా మడిచి కింద వేసుకుని కూర్చుంది.

సరిగ్గా నెత్తి మీద అడుగులు వినిపించాయి. “ఏమోయ్, ఎక్కడున్నావ్? ఫొటోకి పిలుస్తున్నారు,” టైల్సాయన గొంతు కప్పు మీద అటూ ఇటూ తిరిగింది.

పెద్దావిడ నోటి మీద వేలు పెట్టుకుంది. “కప్పుకేం కాదుగా?” అని గుసగుసగా అడిగింది.

“కాదండీ.”

“అయితే తిరగనీ,” అని ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆమె చేతికిచ్చింది.

మట్టిమేడమ్ రాతిగోడకు వీపు ఆనించింది. గోడ చల్లగా ఉంది, టీ వేడిగా ఉంది. పైన అడుగులు కాసేపు తచ్చాడి మేడ వైపు వెళ్లిపోయాయి.