చేపల డ్రమ్ము

మా బడి కరెస్పాండెంటు వీరరాఘవులు శెట్టిగారికి కోడిగుడ్డు పేరెత్తితేనే తల తిరుగుతుంది. పిల్లల క్యారియరులో గుడ్డు కనబడిందా, ప్రార్థనలో అరగంట ఉపన్యాసమే. అటువంటి బడి పెరట్లో ఏడాదిగా చేప తలకాయలతో ఎరువు తయారవుతోందంటే దానికి బాధ్యురాలిని నేనే. సైన్సు టీచర్ని, పేరు వరదలక్ష్మి. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టినదాన్ని కాను.

రాయపురంలో సముద్రానికి దగ్గర మా బడి. పెరడంతా ఉప్పునేల. నేను నాటిన మొక్కలన్నీ చచ్చిపోతుంటే చూసి చూసి, ఎనిమిదో తరగతి అలివేలు ఒకరోజు, "టీచర్, మా అమ్మ ఒక మందు చేస్తాది. తెచ్చేదా?" అంది. వాళ్లమ్మ చెంగమ్మ హార్బరులో చేపలు కోస్తుంది. పారేసే తలకాయలు, పేగులు బెల్లంతో కలిపి, డ్రమ్ములో మూత బిగించి నలభై రోజులుంచితే తేనెరంగు నీరు దిగుతుంది. అది నీళ్లలో కలిపి పోయాలి. ముక్కు మూసుకుని ఒప్పుకున్నాను. ఆరునెలల్లో బెండ, వంగ విరగకాశాయి. శెట్టిగారు కూడా సంచినిండా వంకాయలు ఇంటికి పట్టుకెళ్లారు.

ఇంతలో పచ్చని బడులకు అవార్డులన్నారు. ఒక విద్యార్థికి, నేర్పిన టీచరుకు. అప్లికేషన్లో విద్యార్థిగా అలివేలు పేరు, టీచరుగా నా పేరు రాశాను. ఎరువు దేనితో అన్నచోట మాత్రం 'కూరగాయల తొక్కలు' అని రాశాను. నిజం రాస్తే శెట్టిగారు డ్రమ్మునూ పిల్లనూ కలిపి గేటు బయట పెడతారని భయం. భయం పేరు చెప్పాను గానీ, అవార్డు మీద నాకూ ఆశే.

"ఎవరడిగినా తొక్కలనే చెప్పు" అన్నాను అలివేలుతో.

"ఎందుకు టీచర్? మా అమ్మ పంపించేది చేపలు కదా?"

"చెప్పింది చెయ్యవే" అని కసిరాను.

మర్నాడు పరిశీలనకు వచ్చిన అధికారి జెబకుమార్, శెట్టిగారి ఎదుటే డ్రమ్ము దగ్గర నిలబడి అలివేలును అడిగాడు, ఈ ఎరువు ఎట్లా చేస్తారని. పిల్ల నావైపు చూసింది. అబద్ధం చెప్పలేక, నా మాట కాదనలేక కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఈ పాపకు ఏమీ తెలిసినట్టు లేదే" అంటూ ఆయన పేరు కొట్టేయడానికి పెన్ను తీశాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పిల్ల ఏడుపు చూస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. డ్రమ్ము మూత తీసి, చెయ్యి లోపల పెట్టి, అందిందల్లా గుప్పెట పట్టి పైకి తీశాను. పొలుసులు, ఒక తలకాయ.

"చేపలు సార్. రాసిన అబద్ధం నాది. పని ఈ పిల్లది."

శెట్టిగారు పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "అయ్యయ్యో... ఆ వంకాయలు దీంతోనా టీచరమ్మా?"

"ఔనండి."

ఆయన డ్రమ్ము వైపు ఒకసారి, వంగమొక్కల వైపు ఒకసారి చూశారు. "కూర మాత్రం బాగుండె" అని గొణిగి లోపలికి వెళ్లిపోయారు.

తప్పుడు సమాచారం ఇచ్చినందుకు జెబకుమార్ పిల్ల పేరు ఉంచి నా పేరు కొట్టేశాడు. "నీకు ఇది నేర్పిందెవరమ్మా?" అని పిల్లనడిగాడు. ఇంత జరిగినా నా పేరు చెబుతుందేమోనని సిగ్గులేకుండా ఎదురుచూశాను.

"మా అమ్మ సార్, చెంగమ్మ. ఆడ హార్బర్లో చేపలు కోస్తాది" అంది అలివేలు కళ్లు తుడుచుకుని. ఈసారి తడబడలేదు.

అవార్డుల సభలో టీచరు స్థానంలో చెంగమ్మనే పిలిచారు. శాలువా కప్పబోతే, "వద్దు సార్, చేపల వాసనొస్తాది" అని ఆమె వెనక్కి జరిగింది. అలివేలు ఆ శాలువా అందుకుని, తానే వాళ్లమ్మ భుజాల చుట్టూ కప్పి, జారకుండా రెండు చేతులా పట్టుకుంది.

ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. కడుపు మండలేదంటే అది ఇంకో అబద్ధమవుతుంది. అయినా, హాల్లో అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది నేనే.