సరస్సు మహల్లో బాల్కనీ

నగరం చుట్టుపక్కల చూడదగ్గ చోట్లన్నీ ఒక్క రోజులో తిప్పి తెచ్చే బస్సులో ఆమె గైడు. మైకు చేతికిచ్చాక తిరిగి లాక్కోవడం ఎవరి తరమూ కాదని డ్రైవరు ఆమెకు మైకమ్మ అని పేరు పెట్టాడు.

ఆ ఆదివారం బస్సులో ఒక పెద్దాయన, ఆయన భార్య ఎక్కారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కడ దిగినా ముందు బెంచీ వెతుక్కుని కూలబడి, "మీరు చూసొచ్చి నాకు చెప్పండి" అనేది. ఆయన వెళ్ళి వచ్చి, మొహం చిట్లించి, "చూడ్డానికేం లేదు" అనేవాడు. కోట దగ్గర అదే మాట, జలపాతం దగ్గరా అదే మాట. ఇంత దూరం తెచ్చి చూపిస్తే ఈయన పేచీలేమిటని మైకమ్మకు లోలోపల ఒళ్ళు మండుతూనే ఉంది.

మధ్యాహ్నం సరస్సు ఒడ్డునున్న వేసవి మహల్‌కు చేరారు. పై అంతస్తులో నీళ్ళ మీదికి చొచ్చుకొచ్చిన రాతి బాల్కనీ ఉంది. మైకమ్మ తన మంచి కథలన్నీ దాచుకునేది అక్కడికే. అందరినీ పిట్టగోడ వెంట నిలబెట్టి, రాణిగారు తల ఆరబెట్టుకునే వైభవం మొదలుపెట్టబోతూ కిందికి చూసింది. ఆ పెద్దావిడ బెంచీ మీద ఒంటరిగా కూర్చుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకే చూస్తోంది. మైకమ్మ మనసు చివుక్కుమంది.

"పదండి, కిందికెళ్ళి పిన్నిగారితో కలిసి ఫోటో దిగుదాం. కథ అక్కడే చెప్తాను."

"ఇప్పుడేగా తల్లీ ఎక్కాం! దింపడానికే ఎక్కించావా?" అని గొణుక్కుంటూనే ఒక్కొక్కరే దిగారు.

పచ్చికలో పెద్దావిడ చుట్టూ వాళ్ళను నిలబెట్టి, మైకమ్మ ఫోను ఎత్తి పట్టుకుంది. వాళ్ళ వెనక మహల్, మహల్‌కు బాల్కనీ. "నవ్వండి" అంది. అందరూ నవ్వారు.

ఫోను తెరమీద బాల్కనీ అడుగునుంచి సన్నగా దుమ్ము రాలడం కనిపించింది, జల్లెడలోంచి పిండి రాలినట్టు. ఆ తర్వాత బాల్కనీ మొత్తం ఒక పక్కకు ఒరిగి, ఫెళ్ళున విరిగి నీళ్ళలో పడింది.

నవ్వుతున్నవాళ్ళు ముందు చూసింది మైకమ్మ మొహం. తర్వాతే వెనక్కి తిరిగారు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఒకతె కిసుక్కున నవ్వి, తనెందుకు నవ్విందో తెలియక ఏడ్చేసింది.

"మా ఆయనేరీ?" అంది పెద్దావిడ.

మైకమ్మ, కాపలావాడు వద్దని అరుస్తున్నా వినకుండా మెట్లెక్కి పరుగెత్తింది. పైన గుమ్మం ఉంది, గుమ్మం అవతల ఆకాశం ఉంది. పెద్దాయన గుమ్మాన్ని రెండు చేతులా కావలించుకుని నిలబడి ఉన్నాడు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలు గాల్లో ఉంది.

"బాబాయిగారూ, కిందికి చూడకండి. నా వైపు చూడండి."

"నేల లేదమ్మా," అన్నాడాయన, చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు. "ఇప్పటిదాకా ఉంది."

ఆమె బండల మీద పాకి వెళ్ళి, ఆయన నడుము పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ లోపలికి వెల్లకిలా పడ్డారు.

"అందరూ వెళ్ళాక తీరిగ్గా చూద్దామని ఆగాను," అన్నాడు పెద్దాయన పైకప్పు చూస్తూ. "పొద్దుట్నుంచీ ఏం లేదు, ఏం లేదు అంటున్నానా? చూళ్ళేకపోయానే అని ఆవిడ బాధపడుతుందని. ఇది మాత్రం చెప్పకుండా ఉండలేననిపించింది. ఎలా చెప్పాలా అనుకుంటూ వెనక్కి గుమ్మంలోకి అడుగేశాను…"

మైకమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా లేపింది.

కిందికి రాగానే పెద్దావిడ ఆయన భుజాలు, మోచేతులు, మణికట్లు తడిమి తడిమి చూసుకుంది. "రెండో చెప్పేదీ?"

"పోయింది."

"పోతే పోయింది వెధవ చెప్పు," అంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. బస్సు దిగేదాకా వదల్లేదు.

దారిలో మైకు ఎవరూ ముట్టుకోలేదు. దిగేటప్పుడు ఒక్కొక్కరూ ఆమె భుజం తట్టి వెళ్ళారు. ఎవరి మొహమూ ఆమె కంటికి ఆనలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా ఆఫీసునుంచి ఫోను. మహల్ మూసేశారని తెలిసిందట. "మనవాళ్ళంతా క్షేమంగా దిగారా?"

"అందరూ," అంది. ఆ ఒక్క మాటా అన్నాక గోడకు జారబడి కూర్చుంది. భర్త పరుగున వచ్చి మంచినీళ్ళ గ్లాసు పట్టించబోతే పళ్ళు గ్లాసుకు టకటకా కొట్టుకున్నాయి.

"ఏమైందే? ఎవరికీ ఏం కాలేదుగా?"

"ప్రతి ఆదివారం," అంది ఆమె, "నేనే వాళ్ళని దానిమీద నిలబెట్టానండీ. ఇంకాస్త ముందుకి రండి, ఇక్కణ్ణించి బాగా కనిపిస్తుంది అని."