వల విప్పేది లేదు

విద్యార్థుల బస్సు సందు మలుపు తిరగక ముందే కాంట్రాక్టరు చిటిక వేశాడు. "ఊఁ, కానివ్వండి. వల విప్పండి. రేపు అవతలి సైట్లో కట్టాలి."

కడుతున్న మేడ నాలుగో అంతస్తు చుట్టూ, జారినవాళ్లు కింద పడకుండా కట్టిన వలను పెద్దమేస్త్రీ తన చేతులతోనే విప్పాడు. ఆయన వేసిన ముడి ఇంకెవరికీ ఓ పట్టాన ఊడిరాదు. కింద ఆడవాళ్లు దాన్ని మడతపెడితే ఇనుము వంచేవాడు వ్యానులో పడేశాడు. బెల్టులు, కొత్త టోపీలు స్టోరుకు పోయాయి. మరుగుదొడ్డికి మళ్లీ తాళం పడింది. మూడు సైట్లకు కలిపి ఒకటే వల! పైనుంచి పడగలిగే మనుషులు మాత్రం ప్రతి సైటుకీ వేరే వేరే ఉన్నారు.

కాంట్రాక్టరు బాధల్లా కుర్రకారు ఈ పనికి రావడం లేదనే. గోడ కట్టేవాళ్లందరికీ తలలు నెరిశాయి. అందుకే పనులు నేర్పే కాలేజీ పిల్లలను పిలిచి, వల, బెల్టులు చూపించి, పెద్దమేస్త్రీ చేత నాలుగు మంచి మాటలు చెప్పిస్తున్నాడు. తన పనితనం తనతోనే పోతుందని ఆయనకూ దిగులే. "భయమేం లేదర్రా, కన్నబిడ్డల్లా చూసుకుంటాం" అనేవాడు, అక్కడెవరో ఎవరినో నిజంగా అలా చూసుకుంటున్నట్టు.

ఆ మాట నమ్మి చేరినవాళ్లలో ఆయన మేనకోడలు ఒకతి. నెల తిరక్కుండానే పరంజా మీది నుంచి పడి నడుం విరగ్గొట్టుకుంది. బెల్టు పెట్టుకోకపోవడం ఆ పిల్ల తప్పేనని కాంట్రాక్టరు చేతులు దులిపేసుకున్నాడు.

ఆసుపత్రి మంచం మీద ఆమె అడిగింది ఒక్కటే. "మామయ్యా, మేం చూడ్డానికొచ్చిన రోజు వల ఉంది కదా?"

పెద్దమేస్త్రీకి కాంట్రాక్టరును తిట్టుకుందామంటే తన చేతులే కళ్లముందు ఆడాయి. సిగ్గుతో చితికిపోయి బయటికి వచ్చేశాడు.

ఇంతలో కొత్త బ్యాచి వస్తోందని కబురు. మధ్యాహ్నం సిమెంటు బస్తాల పక్కన అందరూ క్యారేజీలు విప్పుకున్నప్పుడు ఆయన అన్నాడు, "ఈసారి నేను మాట్లాడను. నా వల్ల కాదు."

"నువ్వు కాకపోతే ఇంకొకడు," అన్నాడు ఇనుము వంచేవాడు. "వలా గిలా అన్నామంటే రేపట్నుంచి మనకి గేటు మూసేస్తారు. పెళ్లాం పిల్లలున్నవాణ్ణి, నన్ను లాగకండి."

"నా మేనకోడల్ని పడేసింది నేనే. విప్పింది నేనే కదా!"

సిమెంటు మాలు మోసే అక్క కస్సుమంది. "అబ్బో, పాపమంతా నీ ఒక్కడి సొత్తేనా అన్నా? మడతపెట్టింది మేం కాదూ? వ్యానెక్కించింది వీడు కాదూ? ఏడ్చింది చాలు. ఈసారి కడదాం. విప్పొద్దు, అంతే!"

ఇనుము వంచేవాడు తల దించుకున్నాడు. ముద్ద నోటిదాకా వెళ్లలేదు. "సరే, నేనూ ఉంటా," అని గొణిగాడు.

కొత్త బ్యాచి వచ్చింది. పెద్దమేస్త్రీ టోపీ తీసేశాడు.

"మాది గొప్ప పనర్రా. నాకొచ్చిందంతా నేర్పుతాను. కానీ మీరు బస్సెక్కగానే ఈ వల విప్పేస్తారు. విప్పేది నేనే. నా మాట నమ్మి వచ్చిన పిల్ల ఇప్పుడు మంచంలో ఉంది. ఇవాళ మేమెవరం దీన్ని విప్పం."

"మేస్త్రీకి ఎండదెబ్బ తగిలింది! బస్సెక్కండమ్మా, ఎక్కండి!" అంటూ కాంట్రాక్టరు కంగారుపడ్డాడు. ఆ పైన వల తానే కోసేద్దామని కత్తి పట్టుకుని మెట్లవైపు పరిగెత్తాడు. అప్పటికే మెట్ల నిండా పనివాళ్లు కూర్చున్నారు, వాళ్ల మధ్య పెద్దమేస్త్రీ కూడా. కాలు పెట్టే సందు లేదు.

కాంట్రాక్టరు ఫోను చేస్తే పోలీసులొచ్చి ముందు పెద్దమేస్త్రీ రెక్క పట్టుకున్నారు. పెనుగులాడకుండా లేచాడు. తన తప్పు మాసిపోయిందని ఆయనకేమీ అనిపించలేదు. మేనకోడలి ప్రశ్న ఇంకా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది.

జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ఆయన లేచిన చోట ఒక విద్యార్థిని వచ్చి కూర్చుంది. ఇంకా కదలని బస్సు దిగి మరికొందరు ఆమె వెనకే వస్తున్నారు.

"మీకేం పని ఇక్కడ?" కాంట్రాక్టరు గొంతు చించుకున్నాడు. "మీరింకా పనిలో చేరనే లేదు కదా!"

"చేరాం," అంది ఆ పిల్ల, మాలు మోసే అక్క పక్కకి జరుగుతూ.